ఉత్త గోలీలు

“దీనికి నిద్ర పట్టకపోవుడేంది డాక్టరమ్మా? పొద్దంత కుర్చీల కూసుండే నౌకరి, ఇంటికొస్తే గింత ఇంటిపని. గంతే గదా!” అన్నడు మదన్‌మోహన్. పెండ్లాం పక్కనే కూసున్నదన్న సోయి గూడ లేదు ఆయనకు.

భాగీరథి ఆ ఇంటిపనంత మనసులనే లెక్కబెట్టుకున్నది. బోళ్ళు తోమి, జొన్నరొట్టెలు చేసి, మామకు ఉడుకునీళ్ళు కాగబెట్టి, గప్పుడు గదా బళ్ళె ఆ కుర్చీ దొరికేది! మొన్న ఆ కుర్చీలనే తూగింది. పెద్దసారు అందరి ముంగట నవ్విండు: “వేరే బళ్ళల్ల పిల్లలు తూగుతరు, మా దగ్గర ఉల్టా. పంతులమ్మ తూగుతది.” ఇంకోసారి చూస్తే పైకి రాస్తనన్నడు. నౌకరి పోతే ఎట్ల అన్న ఫికర్‌తోనే జహీరాబాద్ దవాఖానకు వచ్చింది. పట్నం నుంచి వచ్చిన గిరిజ డాక్టరమ్మ ఆడ నిద్ర గోలీల మీద పరిశోధన చేస్తున్నది. ఏ గోలి ఎంత నిద్ర తెస్తది, తెల్లారినంక నెత్తి బరువైతదా, కాళ్ళు తడబడ్తయా, అన్నీ అడిగి తెలుసుకుంటది.

నిద్ర ఎందుకు పట్టదో భాగీరథిని అడిగితే చెప్తుండె గద! పండుకుంటది, కండ్లు మూస్తది, చెవులు మాత్రం వాకిట్ల కాపలా ఉంటయి. పంట అమ్మిపెట్టే వాళ్ళ అడ్తి దుకాణానికి నడిరాత్రి కందుల లారీ వచ్చిందంటే “లే, హమాలీలకు చాయ్ పెట్టు” అంటడు మొగుడు. మామకు దగ్గు వస్తే “కోడలా, నీళ్ళు” అంటడు. ఎవ్వరు పిలువని నాడు గూడ, ఇగ పిలుస్తరేమో అని ఎదురుచూసుడే. అలిసిన పానం, కునుకు రాదు. ఎవరికి చెప్పుకుంటది? చెప్తే, “ఆడోళ్ళన్నంక లేవరా” అంటరు.

డాక్టరమ్మ గోలీలిచ్చి, మదన్‌మోహన్ దిక్కు తిరిగి ఒక్క మాట గట్టిగ చెప్పింది. “వేసుకున్నంక తెల్లారేదాక లేపొద్దు. మందు మీద లేపితే కండ్లు తిరిగి పడిపోతరు.” ఆయన ఇంటికొచ్చి తల్లికి చెప్పిండు. ఆ తల్లి అనంతమ్మ ఆ మాటకు ఇంకింత కలిపి వాడకట్టంత చెప్పుకున్నది: “లేపితే పిచ్చి లేస్తదట!” ఇంక చూడాలె ఆ ఇంట్ల భయం! దగ్గు వస్తే మామ నోట్లె తువ్వాల కుక్కుకున్నడు. కోడలు పండుకున్న అర్రకాడికొస్తే మొగుడు చెప్పులు చేత పట్టుకొని నడిచిండు.

ఎంత నిద్ర, ఎంత నిద్ర! చిన్నప్పుడు పుట్టినూరు ఝరాసంగంల తల్లి పక్కల పండుకున్న నిద్ర మళ్ళ దొరికింది. తెల్లారి లేస్తే ఒళ్ళు దూదిలెక్క తేలిక. బళ్ళె పాటలు పాడి ఎక్కాలు చెప్పింది. పెద్దసారు కొత్త మనిషిని చూసినట్టు చూసిండు. రొట్టె గూడ రుచిగ తగిలింది. తనకు ఆకలైతదని ఆమె ఎన్నడో మర్చేపోయి ఉండె.

గోలీలు అయిపోయిన నాడు దవాఖానకు పోతే, వరండల రత్నమ్మ గోడకు ఆనుకొని కూసున్నది. ఈమె గూడ గోలీలు తీసుకున్న మనిషే. “అయ్యో భాగీరథక్కా, గోలి వేసుకుంటే మొద్దు లెక్క పడుంట. పొద్దెక్కినా నెత్తి లేవదు. నిన్న కూరల ఉప్పు రెండుసార్లు వేసిన, మా అత్త తిట్టని తిట్టు లేదు,” అన్నది కండ్లు నలుపుకుంట.

భాగీరథికి విచిత్రమనిపించింది. లోపలికి పోతే డాక్టరమ్మ నవ్వుకుంట చెప్పింది. “సగం మందికి అసలు మందు ఇచ్చినం, సగం మందికి ఉత్త గోలి. ఎవరికేదో నాకు గూడ ఇయ్యాల పొద్దుగాలనే తెలిసింది. రత్నమ్మది అసలుది. మీది ఉత్తదే. అందుల మందే లేదు. మరి మీకు ఇంత మంచి నిద్ర ఎట్ల పట్టింది?”

భాగీరథి ఒక్క క్షణం బిత్తరపోయింది. మళ్ళ తెలిసొచ్చి నవ్వింది. కడుపు పట్టుకొని, కండ్లల్ల నీళ్ళు తిరిగేదాక నవ్వింది. “లేపొద్దని మీరు చెప్పిన్రు గదా డాక్టరమ్మా,” అన్నది. గిరిజ ఇంక నవ్వలే. భాగీరథి చేయి పట్టుకున్నది.

ఇంటికొచ్చేసరికి మామ, మొగుడు చాయ్ తాగుతున్నరు. అనంతమ్మ చాట ముంగటేసుకొని కందులల్ల రాళ్ళు ఏరుతున్నది.

“గోలీలు అయిపోయినయి గదా. ఇంక లేపొచ్చునా?” అన్నడు మదన్‌మోహన్.

ఇంకో ఆర్నెల్లు వాడాలన్నరని చెప్తే అయిపోతుండె. నాలుక చివరిదాక వచ్చింది ఆ మాట. గోలి పేరు చెప్పుకొని పండుకుంటే, ఆ నిద్ర గోలిదైతది గని నాదెట్లైతది అనుకున్నది. మింగేసింది.

“అవి ఉత్త గోలీలట. అందుల మందే లేదట. నన్ను ఎవ్వరు లేపలే, గందుకే నిద్ర పట్టింది. ఇంక ముందు గూడ లేపకుండ్రి.”

మామ చాయ్ కప్పు కింద పెట్టిండు. మదన్‌మోహన్ మొఖం ఎర్రగైంది. “మరి లారీ వస్తే చాయ్ ఎవరు పెడ్తరే?”

“ఇన్నొద్దులు ఎవరు పెట్టిన్రు?”

ఆయన తల్లి దిక్కు చూసిండు. భాగీరథి ఇన్నొద్దులు ఆయనే పెట్టుకుంటున్నడనుకున్నది. తను హాయిగ పండుకున్న నిద్రంత అత్త లేచి మోసిందా?

అనంతమ్మ తల ఎత్తలే. చాట అట్లనే కదులుతున్నది. “రేపు నన్ను గూడ ఆ డాక్టరమ్మ దగ్గరికి తీస్కపో బిడ్డా,” అన్నది మెల్లగ.

“ఆ గోలీలల్ల ఏం లేదు అత్తమ్మా.”

“గవ్వే కావాలె. నిద్రైతే నాకు రోజూ వస్తది. లేపొద్దని చెప్పేటోళ్ళే లేకపాయిరి.”

భాగీరథి పోయి అత్త పక్కన కూసున్నది. చాట తన ఒళ్ళెకు తీసుకున్నది. మామ దిక్కు, మొగుని దిక్కు చూసి, బళ్ళె పిల్లలకు చెప్పినట్టు నిమ్మళంగ అన్నది.

“నేను చెప్తున్న. ఇయ్యాల్టి నుంచి అత్తమ్మను లేపొద్దు.”