కృష్ణప్రసాద్ పంపిన హెచ్చరిక

దోహాలో కృష్ణప్రసాద్‌కి తెలియకుండా ప్రమాదం జరిగే వీల్లేదు. ఎక్కడ ఏ ముప్పు పుట్టినా ముందు అతని ఈమెయిల్‌కే వచ్చేది. అరటిపండులో సూది, అత్తరు సీసాలో మత్తుమందు, తెరిస్తే కంప్యూటర్ని కాల్చేసే పెళ్ళిపత్రిక, అన్నీ. వచ్చినదాన్ని వచ్చినట్టు అందరికీ పంపేసి, లోకాన్ని కాపాడినంత తృప్తిగా టీ తాగేవాడు. నిజమా అని అడగడం అతని దృష్టిలో మర్యాద కాదు.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం ఊరంతా తవ్విపోస్తున్న రోజులవి. ఆ వారం వచ్చిన మెయిల్ మరీ ఘనమైనది. గురువారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా స్టేడియాన్ని చల్లబరిచే యంత్రాలను పరీక్షిస్తారట, వాటి నుంచి వచ్చే కిరణాలకు ఆన్‌లో ఉన్న ఫోన్లు పేలతాయట. కృష్ణప్రసాద్ దానికి తన వంతుగా 'మన కోస్తా జిల్లాలవారు కూడా జాగ్రత్త' అని ఒక ముక్క చేర్చాడు. కింద 'సీనియర్ ప్లానింగ్ ఇంజనీర్' అన్న సంతకం ఎలాగూ ఉంది. ఆఫీసుకీ, కార్మికుల క్యాంపుకీ, కాకినాడలో కాబోయే మామగారికీ పంపేశాడు.

ఆ గురువారమే అతని ప్రయాణం. తెల్లారితే కాకినాడలో తాంబూలాలు. ముప్పై ఆరేళ్ళకు కుదిరిన సంబంధం, ఇది తప్పితే మరొకటి వస్తుందన్న ఆశ అతనికి లేదు.

విమానాశ్రయానికి కంపెనీ డ్రైవర్ భూమేష్ తీసుకెళ్ళాడు. "మీ మెయిల్ క్యాంపుల సదివి ఇనిపిచ్చిండ్రు సార్. అందరం ఫోన్లు బంద్ వెట్టినం" అన్నాడు. కృష్ణప్రసాద్ ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

దేశం దాటాలంటే కంపెనీ అనుమతి కావాలి. ఆ పని చూసే ముజఫ్ఫర్ అలీది ఒకటే పద్ధతి. "బోర్డింగ్ పాస్ తీస్కొని నాకు ఫోన్ కొట్టు భాయ్, రెండు నిమిషాల పని" అనేవాడు. ఏళ్ళ తరబడి అందరూ అలాగే వెళ్ళివస్తున్నారు.

కృష్ణప్రసాద్ పాస్ తీసుకుని ఫోన్ కొట్టాడు. స్విచ్ ఆఫ్. ఇమిగ్రేషన్ కౌంటర్లో అధికారి కంప్యూటర్ చూసి "ఖురూజ్ మాఫీ" అని పాస్‌పోర్టు వెనక్కి తోశాడు. అనుమతి లేదని అర్థం. మళ్ళీ కొట్టాడు. స్విచ్ ఆఫ్. ముజఫ్ఫర్ ఇంటికి పంపుదామని భూమేష్‌కి చేశాడు. స్విచ్ ఆఫ్. మేనేజరుకీ, పక్క సీటువాడికీ, గదిలోవాడికీ చేశాడు. పిలిచి ఏడుద్దామన్నా ఒక్కడూ దొరకలేదు. బుద్ధిమంతులు, చెప్పిన మాట విన్నారు. ఆ విధేయతకు కృష్ణప్రసాద్‌కి కడుపు మండిపోయింది.

అతని కళ్ళముందే విమానం వెళ్ళిపోయింది. కాకినాడకి చేశాడు. మామగారిది స్విచ్ ఆఫ్. పెళ్ళికూతురు సౌదామినికి కొడితే మోగింది.

"విమానం తప్పిందండీ. అనుమతి ఇచ్చేవాడు ఫోన్ ఆపేశాడు."

"మీ మెయిల్ చూసే అయ్యుంటుంది. మా నాన్నగారూ ఆపేశారు. వంటవాళ్ళ ఫోన్లు కూడా లాక్కుని బీరువాలో పెట్టారు. బీపీ మనిషి, మధ్యాహ్నం నుంచీ ఒకటే కంగారు."

"మీరు ఆపలేదా?"

"నేను నమ్మలేదండీ. మరి మీదెలా ఆన్‌లో ఉంది?"

పేలుతుందని కృష్ణప్రసాద్ ఒక్క క్షణమైనా అనుకోలేదు. అబద్ధమాడదామనుకున్నాడు గానీ, ఫోను చెవి దగ్గరే ఉంది.

"నేనూ నమ్మలేదండీ" అన్నాడు.



"తెలియక పంపారేమో అని ఇందాకటినుంచీ మిమ్మల్నే వెనకేసుకొస్తున్నానండీ" అంది సౌదామిని. "రేపు తాంబూలాలు లేవని నాన్నగారికి నేనే చెప్తాను. కారణం కూడా చెప్తాను."