తలుపు వైపు తిరిగిన చెప్పులు

తెల్లారి డ్యూటీకి రాగానే దీవెనమ్మ ముందు మంచాల కింద చూసేది. మస్కట్ దగ్గరి సమాయిల్ ఊళ్లోని ఆ చిన్న ఆసుపత్రిలో ఎవరికి ఆఖరి ఘడియలు దగ్గరపడితే వాళ్ల చెప్పులు వాటంతటవే తలుపు వైపు తిరిగేవి. స్వీపరు వాటిని కదపకుండా చుట్టూ ఊడ్చేవాడు. చెప్పులు తిరిగినవాడికి ఏం తినాలనుందో అడిగి పెట్టేవారు. అంతకుమించి ఎవరూ ఏమీ చేసేవారు కాదు.

ఈమధ్య చెప్పులు తరచుగా తిరుగుతున్నాయి. అవీ కట్లగదిలో కట్లు కట్టించుకున్నవాళ్లవే. కట్లు కట్టేది ఏసురత్నం, దీవెనమ్మ తమ్ముడు. తల్లి పోయాక తనే చంకనేసుకుని పెంచింది. పెద్ద డాక్టరు కాళ్లావేళ్లా పడి వాణ్ని భీమవరం నుంచి ఈ పనికి తెప్పించుకుంది. వాడు పనిముట్లు సరిగా మరగబెట్టడని నర్సులు మొత్తుకుంటే, "నేర్చుకుంటాడు లెండి" అని నోళ్లు మూయించింది.

నిసార్ అహ్మద్ కాలు నుజ్జయి చేరాడు. రోడ్డు కంపెనీలో గుమాస్తా. అంతకుముందు హైదరాబాదులో చరిత్ర పాఠాలు చెప్పినవాడు. రేడియోలో ఆ దేశపు దక్షిణాన ధోఫార్ కొండల్లో జరుగుతున్న యుద్ధం వార్తలు వస్తుంటే పక్క మంచం భూమయ్య అడిగాడు.

"సారూ, లడాయి గెలిపిచ్చేది ఫౌజా, పెద్దమనిషా?"

"అమెరికాల ఒకే దేశం రెండు ముక్కలై కొట్టుకుంది భూమయ్యా. చెరొక ప్రెసిడెంటు. దక్షిణాది డేవిస్ మిలిటరీ చదువు చదివినోడు, యుద్ధం చూసినోడు. ఉత్తరాది లింకన్ వకీలు. ఎవరు గెల్వాలె?"

"చదివినోడే."

"గెల్వలే."

దీవెనమ్మ థర్మామీటరు విదిలిస్తూ ఆగింది. "ఏం మాస్టారూ?"

"జనం, కార్ఖానాలు లింకన్ దిక్కే ఎక్కువ, అదీ నిజమే. కానీ ఆయన గెలవని జనరల్‌ను తీసి ఇంకొకణ్ని పెట్టిండు. వాడూ ఓడితే మరొకణ్ని. డేవిస్‌కు ఒక జనరల్ దోస్తు. కింది ఆఫీసర్లు వద్దని మొరపెట్టుకున్నా చానా దినాలు తీయలే."

"నమ్ముకున్నవాణ్ని వదల్లేదు. అదేం తప్పండీ?" ఆమె గొంతు లేచింది.

"మంచి గుణమే సిస్టరమ్మా. కానీ ఆ దోస్తీకి చచ్చింది డేవిస్ కాదు. ఎవరో తల్లులు కన్న పిల్లలు."

మర్నాటికి మాస్టారి చెప్పులు తలుపు వైపు తిరిగాయి. ఆయన కిందికి చూసుకుని, "కొంచెం సేమ్యా తినాలనుంది" అన్నాడు. దీవెనమ్మకు ఏడుపొచ్చింది. సేమ్యా చేయించలేదు. కట్టు విప్పింది. లోపల పాత దూది కుళ్లిపోయి ఉంది.

"ఏసూ, కట్లగది తాళాలియ్యి."

"చెప్పులు తిరిగాయిగా అక్కా! ఇంకేం చేస్తావు?"

"దేవుడి మీదకి నెట్టకు. వాటిని తిప్పింది నీ చేతులు. నిన్ను వెనకేసుకొచ్చిన నా నోరు. రేపట్నుంచి నీకిక్కడ పని లేదు. డాక్టరుగారికి నేనే చెప్తాను."

"ఊళ్లో ఏమని చెప్పుకోను?"

"అక్క తీసేసిందని చెప్పు."

పనిముట్లన్నీ తనే మరగబెట్టింది. డాక్టరు చీము తీస్తే, రోజూ ఆ పుండును తనే కడిగింది. ఒక మధ్యాహ్నం చెప్పులు మళ్లీ మంచం వైపు తిరిగి ఉన్నాయి. స్వీపరు వాటిని పక్కకి జరిపి శుభ్రంగా ఊడ్చాడు.

ఊరికి తిరిగిపోవడానికి ఏసురత్నం మస్కట్ వెళ్లే బండెక్కేటప్పుడు దీవెనమ్మ పులిహోర పొట్లం తెచ్చింది. వాడు తీసుకున్నాడు, తల మాత్రం ఎత్తలేదు.

"వస్తానండీ" అన్నాడు.

మాటలొచ్చిన దగ్గర్నుంచీ వాడు ఆమెను అండీ అనడం అదే మొదలు.