ఓర్వలేని పళ్ళు

మంగళగిరిలో ఏడుకొండలు ఇంట్లో పొద్దున్నే మగ్గం చప్పుడు మొదలయ్యేది. పెద్దకూతురు సాయిశ్రీ చీర నేస్తుంటే, తల్లి సుబ్బరత్నం కాఫీ ఇస్తూ ముందు ఆ పిల్ల నోటివంక చూసేది. సాయిశ్రీకి ఎవరి మీద కుళ్ళు పుడితే పళ్ళు వాళ్ళ వైపు తిరిగేవి. చిన్నప్పట్నుంచీ అంతే. పక్కింటి పిల్ల కొత్త సైకిలు కొనుక్కున్నప్పుడు పైవరసంతా గోడవైపు ఒరిగింది. సైకిలు పాతబడ్డాక సర్దుకుంది.

ఈసారి మాత్రం సర్దుకోలేదు.

చెల్లెలు శ్రీదుర్గ ఏడో తరగతి. పైపళ్ళు ముందుకొచ్చి దానికి పెదాలు మూతపడేవి కావు. స్కూల్లో టీచరు చెప్తే సుబ్బరత్నం దాన్ని విజయవాడ గవర్నర్‌పేటలో పళ్ళ డాక్టర్ అఫ్సానా దగ్గరికి తీసుకెళ్ళింది.

"ఎదిగే వయసులో తెచ్చారు, మంచిపని చేశారండీ. దవడ ఇంకా మన మాట వింటుంది," అంది డాక్టరు. శ్రీదుర్గ పళ్ళకి క్లిప్పులు, వాటిని కలుపుతూ సన్నటి వైరు పడ్డాయి.

సాయిశ్రీవీ అలాంటి పళ్ళే. ఆ వయసులో ఆమెనెవరూ తీసుకెళ్ళలేదు. ఇప్పుడు చెల్లెలు అద్దంలో క్లిప్పులు చూసుకుని మురిసిపోతుంటే, సాయిశ్రీ పళ్ళన్నీ అటే తిరిగిపోయేవి. పైవీ కిందవీ కలవడం మానేశాయి. బుగ్గ లోపల కొరుక్కుని పుండ్లు పడ్డాయి. నోరు తెరిస్తే దవడ టక్కుమనేది. అన్నం పిసుక్కుని మింగడమే.

"నన్నెందుకు తీసుకెళ్ళలేదమ్మా?" అంది ఒకరోజు.

"నొప్పొస్తేనే పళ్ళ డాక్టరు అనుకున్నామే అప్పట్లో," అంది సుబ్బరత్నం, తలెత్తకుండా.

తల్లి వెంట వచ్చిన సాయిశ్రీని చూసి డాక్టర్ అఫ్సానా పెదవి విరిచింది. "అందం కోసమే అయితే నీ ఇష్టం అనేదాన్ని. నమలలేకపోతున్నావు, దవడ పట్టేస్తోంది. ఇంక ఆలస్యం చెయ్యకూడదు. చిగుళ్ళు గట్టిగానే ఉన్నాయి, నీ వయసులోనూ వైరు వెయ్యొచ్చు. కానీ ఇలా తిరిగే పళ్ళకి వైరు నిలవదమ్మా. ముందు కుదురుగా ఉండాలి."

"ఉండమంటే ఉంటాయా డాక్టరుగారూ?"

"ఉండవు," అని ఒప్పుకుంది డాక్టరు.

ఆ మధ్యే శ్రీదుర్గ వైరు మాటిమాటికీ తెగడం మొదలైంది. జంతికలు తింటున్నావని తల్లి తిట్టేది. తినలేదని అది ఏడ్చేది.

ఓ మధ్యాహ్నం ఏడుకొండలు చీరలు కొనడానికొచ్చిన వ్యాపారికి అంచు చూపిస్తూ, "మా పెద్దది నేసిందంటే మళ్ళీ చూసుకోనక్కర్లేదండీ," అన్నాడు. గుమ్మంలో కూర్చున్న శ్రీదుర్గ నోట్లో టింగుమంది. సాయిశ్రీ మగ్గం దిగి వెళ్ళి దాని గడ్డం పట్టుకుని చూసింది. తెగిన వైరు వెనక పళ్ళన్నీ తన వైపే తిరిగున్నాయి.

"నా మీదటే నీ కుళ్ళు?"

"నన్నసలు మగ్గం ముట్టుకోనివ్వరు. దారం తెగుద్దంటారు. నాన్న నన్నెప్పుడన్నా అలా మెచ్చుకున్నాడా?" అంటూ శ్రీదుర్గ ఏడ్చేసింది.

తనని చూసి కుళ్ళుకునేవాళ్ళుంటారని సాయిశ్రీకి ఎన్నడూ తోచలేదు. ముందు సంతోషమేసింది. ఆ వెంటనే సిగ్గేసింది. చెల్లెల్ని తీసుకెళ్ళి మగ్గం మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. దారాలు తెగాయి. ముడేసుకున్నారు.

వానలు పట్టేసరికి సాయిశ్రీ మళ్ళీ డాక్టరు కుర్చీలో ఉంది. డాక్టరు ఒక్కో పన్నూ కదిపి చూసింది.

"కుదిరాయి. ఇదొక్కటి మాత్రం ఇంకా మీ చెల్లెలి వైపే చూస్తోంది."

"అది మానదండీ," అంది సాయిశ్రీ.

"ఒక్కటేగా, వైరు పట్టుకుంటుందిలే," అని డాక్టరు లైటు దగ్గరికి లాక్కుంది.