మామూలు గీత

ఆఫీసులో ఆమెను సైరన్ అంటారు. మొదట్లో వెనకాల అనేవాళ్లు, ఇప్పుడు మొహం మీదే అంటున్నారు. అప్పుడెప్పుడో వానల్లో మీటర్లు ఎగబాకితే, నేల కింది గ్యాసు లీకవుతోందని అలారం మోగించి పల్లపు వీధినంతా ఖాళీ చేయించింది. తీరా చూస్తే అది తడిసిన మట్టి వదిలిన గాలి. వీధి వీధంతా ఆమెను తిట్టిపోసింది. అందరికంటే ఎక్కువ తిట్టింది సొంత అక్క. ఆ వీధిలోనే ఒక సెల్లారులో కుట్టు మిషన్లు వేసి యూనిఫారాలు కుట్టిస్తుంది. ఆ గొడవలో పెద్ద ఆర్డరు చేజారిపోయింది.

ఫ్యాక్టరీల పొగలోంచి కార్బన్ డయాక్సైడును పట్టి, పైపుల్లో తెచ్చి, లోతుగా రాతిపొరల కింద దాచే కంపెనీ అది. దాచింది దాచినట్టే ఉందా, పైకి పాకుతోందా అని కనిపెట్టడం ఆమె పని. వినడానికి ఎంత తేలికో చేయడానికి అంత తలనొప్పి. ఎందుకంటే మట్టి కూడా ఊపిరి తీస్తుంది. వేర్లు, పురుగులు, కుళ్లిన ఆకులు, అన్నీ వదిలేది ఆ గాలే. మీటరు చూపించిన దాంట్లో మట్టిది ఎంత, కంపెనీది ఎంత అన్నది దాని మీద రాసి ఉండదు.

ఆ అలారం తర్వాత మేనేజరు ఒక పద్ధతి పెట్టాడు. ఏ గొడవనైనా సర్దేస్తాడని ఆయనకు సర్దుబాటు సారు అని పేరు. గడిచిన నెల లెక్కల సగటు తీసి, దాన్నే ఈ నెల 'మామూలు' అని గీత గీస్తారు. ఆ గీత దాటి బాగా పైకి పోతేనే అలారం. కాలాన్ని బట్టి మట్టి మారుతుంది కాబట్టి గీతా మారాలట. చెవికి ఇంపుగానే ఉంది. ఎవరూ కాదనలేదు.

ఆ రోజు పొద్దున పాత గీతలన్నీ పక్కపక్కన పెట్టి చూసేసరికి ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఏ నెల చూసినా అంతా మామూలే. కానీ ఆ మామూలే నెలనెలా కాస్త కాస్తగా పైకెక్కుతోంది. ఎండలు ముదిరి నేల బీటలు వారి, మట్టి ఊపిరి తగ్గాల్సిన నెలల్లో కూడా కిందికి దిగలేదు. నెమ్మదిగా వచ్చే లీకు ఏదైనా ఉంటే, దాన్ని గీతే గుటుక్కున మింగేస్తోంది! దొంగ రోజూ వస్తున్నాడు కాబట్టి ఇంటివాడే అనుకున్నట్టుంది వ్యవహారం.

విసురుగా వెళ్లి మేనేజరు ముందు ఆ కాగితాలు పరిచింది.

"మట్టి ఊపిరి తీస్తే ఆక్సిజన్ ఎంత తగ్గుతుందో, ఈ గాలి ఇంచుమించు అంతే పెరగాలి సార్. ఇక్కడ ఇది పెరిగింది, ఆక్సిజన్ అంత తగ్గలేదు. మరి మిగతాది ఎక్కడి నుంచి వచ్చినట్టు?"

"ఆ ఆక్సిజన్ మీటరు పాతది కదమ్మా?"

"పాతదే."

"తప్పు చూపించొచ్చు కదా?"

"చూపించొచ్చు."

"లీకయ్యే అవకాశం ఎంతంటావ్?"

"మూడింట ఒక వంతు."

"అంటే రెండు వంతులు కాదనేగా!" అని ఆయన పరీక్ష పాసైనవాడిలా నవ్వాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈ గాలి బరువైంది సార్. పల్లంలోకి దిగి అక్కడే తిష్ట వేస్తుంది. వాసన కూడా ఉండదు. మా అక్క సెల్లారులో అందరికీ తలనొప్పులు. నిన్న చేతి మీటరుతో చూస్తే ఎక్కువే చూపించింది."

"మూసిన గదిలో అంతమంది ఊపిరి తీస్తుంటే చూపించదా మరి? సొంతవాళ్లు కాబట్టి నీకు కంగారు. నువ్వు పంపిన శాంపిళ్ల మీద ప్రయోగశాల రిపోర్టు రానీ."

రిపోర్టు ఎప్పుడొస్తుందో ఆ ప్రయోగశాలకే తెలియదు. ఆమె పళ్లు కొరుక్కుంటూ బయటికొచ్చి అక్కకు ఫోన్ చేసింది.

"మళ్లీ మొదలెట్టావా?" అంది అక్క. "ఈసారైనా ఖాయమేనా?"

"ఖాయమని చెప్పలేనక్కా."

"చెప్పలేనిదానివి నా బుర్రెందుకు తింటావే? ఈ ఆర్డరు కూడా పోతే నన్ను, నా పనివాళ్లని నువ్వు పోషిస్తావా? మీ సారునే వచ్చి చెప్పమను. ఆయన ఏం చెబితే అది వింటాను."

ఆ మాట చెబితే సర్దుబాటు సారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. అభయమివ్వడమంటే ఆయనకు మహా సరదా. మధ్యాహ్నమే ఆమెను బయల్దేరదీశాడు. ఆఫీసు మూడో అంతస్తులో ఉన్నా ఆయన లిఫ్టు వాడడు. రోజూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతానని చెప్పుకోనిదే ఆయనకు పొద్దు గడవదు. ఆ వేళా అలాగే చెంగుచెంగున దిగి కారెక్కాడు.

ఆ మధ్యాహ్నం పల్లపు వీధిలో ఆకు కదలడం లేదు. అక్క సెల్లారు గుమ్మం దగ్గర ఎదురొచ్చింది. చెల్లెలి వైపు చూడను కూడా చూడలేదు.

"మా పనిపిల్లలంతా బెదిరిపోయి ఉన్నారు సార్. ఏం భయం లేదని మీ నోటితో ఒక్క మాట చెప్పండి."

"ఏం భయం లేదమ్మా! అంతా మామూలే."

"నాకు కాదు సార్, వాళ్లకి. రండి, కింద కుర్చీ వేయించాను. టీ కూడా తెప్పిస్తాను."

అక్క ముందు దిగింది. ఆయన ఒక మెట్టు దిగాడు. రెండోది దిగాడు. కింద మిషన్ల చప్పుడు ఆగి, అందరూ తలలెత్తి చూస్తున్నారు. మూడో మెట్టు మీద ఆయన కాలు ఆగిపోయింది.

"ఇక్కడి నుంచే చెబుతాలెండి."

"ఇంత దూరం వచ్చి గుమ్మంలోనే ఉంటారా? రండి సార్."

"అబ్బే, మోకాళ్ల నొప్పులమ్మా. మెట్లంటే పడదు."

సైరన్ చేతి మీటరు తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన దాని వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, ఉన్న మూడు మెట్లూ రెండంగల్లో ఎక్కేశాడు.

అక్క కింద నిలబడి ఆ కాళ్ల వంకే చూసింది. కాసేపటికి మెల్లగా వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేసింది. "లేవండర్రా. అన్నీ ఎక్కడివక్కడ వదిలేసి పైకి పదండి."

అందరూ పైకొచ్చాక అక్క షట్టరు దించి తాళం వేసింది. కారు అప్పటికే వెళ్లిపోయింది. చెల్లెలి కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషంతో కాదు, ఒళ్లెరగని కోపంతో. ఏళ్లకేళ్లు నేల మీద ముక్కు పెట్టి తీసిన లెక్కలన్నీ ఒక పిరికివాడి మోకాళ్లపాటి చేయలేదు.

"నీ మాట విని పైకి రాలేదే," అంది అక్క.

"తెలుసు."

అక్క తాళంచెవి కొంగున ముడి వేసుకుంటూ ఆగింది. "ఆయన గనక దిగి, కూర్చుని, టీ తాగి ఉంటే?"

"నువ్వు ఇంకా కిందే ఉండేదానివి," అంది చెల్లెలు.