నాలుగో తరగతి పొడుగిల్లు

మొక్కజొన్న గింజ, చిక్కుడు గింజ, గుమ్మడి గింజ ఒక్కో బల్ల మీదా పెట్టుకుంటూ వస్తోంది వసుమతి. అమెరికా ఆదివాసులు ఇరొక్వాలు ఈ మూడింటినీ అక్కచెల్లెళ్లంటారట, ఒక్కచోటే నాటుతారట. స్కూలు ప్రాజెక్టు కోసం నాలుగో తరగతి పిల్లలు ఆ ఇరొక్వాల బతుకు మీద, వాళ్లుండే పొడుగిళ్ల మీద చిన్న చిన్న కవితలు రాయాలి. ఏసీ హోరుమంటున్నా ఆవిడ జాకెట్టు వీపంతా తడిసిపోయింది.

తడవదూ మరి! వెనక బెంచీలో ప్రిన్సిపాల్ కూర్చుని ఉంది. ఇవాళ్టి పాఠం నచ్చితేనే వచ్చే ఏడాది కాంట్రాక్టు. ఉద్యోగం పోతే ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా పోతుంది, ఇఖామా పోతే కువైట్ ఖలాస్. విజయవాడలో ఆవిడకి మిగిలింది తమ్ముడింట్లో ఓ మూల గది, అదీ మరదలి మొహం చూసి అడగాలి.

భయం ఎంత పనైనా చేయిస్తుంది. నిన్న తనే ఒక కవిత రాసి, వెనకటికి ట్యుటోరియల్‌లో చేయించినట్టు క్లాసంతటి చేతా వల్లె వేయించింది. ఎవరైనా తడబడితే అక్కరకొస్తుందనుకుంది. వచ్చింది, అందరికీ!

"పొడుగిల్లు, బెరడు గోడలు..." అని రఫీ చదివాడు. "పొడుగిల్లు, బెరడు గోడలు..." అని సుప్రజ చదివింది. మూడో గొంతు అదే అందుకునేసరికి క్లాసంతా ఘొల్లుమంది. ప్రిన్సిపాల్ ఏదో రాసుకుంది.

"ఆపండి. అది నేను రాసింది, మర్చిపోండి," అనేసింది వసుమతి. "ఇరొక్వాల పొడుగింట్లో చాలా కుటుంబాలుంటాయి. పొయ్యికి ఇటొకరు, అటొకరు. అలాంటి ఇల్లు మీకెక్కడైనా తెలుసా?"

శ్రేయ చెయ్యెత్తింది. ఫర్వానియాలో వసుమతి ఉండే ఫ్లాట్‌లోనే, పక్కగది పిల్ల. కాసేపు రాసుకుని, లేచి చదివింది:

"ఒకే తలుపు, నాలుగు గదులు.
ఒకే పొయ్యి, ఆఖరి వంతు మాది.
అమ్మ గిన్నె పట్టుకుని నిలబడుతుంది.
ఆంటీ తన వంతు మాకిచ్చేస్తుంది.
ఆ రోజు ఆంటీ ఉత్త ఖుబ్బూస్ రొట్టె తింటుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. వసుమతి మొహం బోర్డు వైపు తిప్పేసుకుంది.

గంట కొట్టాక ప్రిన్సిపాల్ గుమ్మం దగ్గర ఆగింది. "ఆఖరి కవిత బాగుంది. కానీ మీరు నేర్పింది బట్టీ కదా, టీచర్. వచ్చే ఏడాదికి వేరేవాళ్లని చూసుకుంటాం."

"సరే మేడమ్," అంది వసుమతి. నిన్న ఆ ఒక్క పనీ చేయకుండా ఉంటే ఎంత బాగుండేది, పాపం!

బస్సులో శ్రేయ ఆవిడ కొంగు పట్టుకుంది. "ఆంటీ, నేను తప్పు రాశానా?"

"లేదమ్మా. నువ్వు చక్కగా రాశావు. తప్పు నాది."

పరీక్షలయ్యాక వసుమతి వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టుకి ఎవర్నీ రావద్దంది. ఆ సాయంత్రం వసుమతి వంతు వేళకి శ్రేయ వాళ్లమ్మ వంటింట్లోకి వెళ్లింది. ఆ వంతు ఇక ఎవర్నీ అడగాల్సిన పనిలేదు, అయినా పొయ్యి వెలిగించడానికి చెయ్యి రాలేదు. గట్టు మీద వసుమతి వదిలెళ్లిన, ఒక్క మనిషికి సరిపడే అల్యూమినియం గిన్నె, తోమి బోర్లించి ఉంది.