మొదటి గుక్క

పదకొండో చెట్టు దగ్గర నాగజ్యోతి డబ్బా మూత తీసి, వాసన చూసి మొహం తిప్పుకుంది. మొన్నటిదాకా నీళ్లలా తేటగా, నాలుకకు లీలగా తీపి తగిలేలా కారిన రసం ఇవాళ బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. తలెత్తి చూసింది. బిర్చ్ చెట్టు కొమ్మల చివర మొగ్గలు విచ్చి పచ్చగా కనిపిస్తున్నాయి. ఆకు తొంగిచూసిందంటే ఆ ఏటికి చెట్టును వదిలేయాలి. గొట్టం పీకి, రంధ్రానికి చెక్క బిరడా కొట్టి రావాలి.

పొద్దున్నుంచి ఇరవై లీటర్ల డబ్బాలు ఎనిమిది ఆ బురద వాలు మీంచి కిందికి దించింది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఎడిన్‌బర్గ్ నుంచి బస్సులో గంట, దిగాక అరగంట నడక, ఆ పైన ఈ మోత. ఇంతా చేస్తే గంటకు చేతికొచ్చేది తొమ్మిది పౌండ్లు. చట్టప్రకారం రావలసిన మిగతా మూడు పౌండ్ల పైచిలుకు "నీ వీసా స్పాన్సర్‌షిప్ ఖర్చులకేగా జ్యోతీ" అని యజమాని విజయభాస్కర్ తన దగ్గరే పెట్టుకుంటున్నాడు. ఆ ఖర్చు యజమానే భరించాలని ఆమెకు తెలుసు. తెలిసి ఏం చేస్తుంది?

ఫోన్ చేసింది.

"అన్నా, ఆకులొచ్చినయి. రసం ఖరాబైంది. గొట్టాలన్నీ పీకేస్త."

"ఏయ్, ఆగాగు. పీకమాకమ్మా." విజయభాస్కర్ ఓ బ్యాంకు ఆఫీసు నాలుగో అంతస్తు నుంచి మాట్లాడుతున్నాడు. వెనక కాఫీ మిషన్ చప్పుడు వినిపిస్తోంది. "నాకింకా మూడొందల లీటర్లు కావాలి. ఉగాది ఫంక్షన్‌కి మాటిచ్చేశాను."

"దీన్ని పులియబెట్టినా కంపు పోదన్నా. చెట్టుకు గూడ మంచిది గాదు."

"నువ్వు తీసుకురా తల్లీ. వాసన సంగతి నేను చూసుకుంటాగా."

నోటి నిండా తల్లీ, చెల్లీ. మొదటిరోజు సార్ అంటే ఒప్పుకోలేదు. మనమంతా ఒకే ఫ్యామిలీ, అన్నా అని పిలవమన్నాడు. అన్న అయిపోయాక జీతం అడగడానికి నోరు రాదని ఆయనకు బాగా తెలుసు.

నాగజ్యోతిది జనగామ పక్క పల్లె. తండ్రి మొగిలయ్య తాళ్లు గీసేవాడు. తల్లి లక్ష్మీబాయి రోడ్డు పక్కన కల్లు అమ్మేది. ఆడపిల్ల చెట్టెక్కే మోకు ముట్టుకుంటే దోషమని చెట్ల దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. అందుకని ఆ పిల్ల ముక్కుతో నేర్చుకుంది. ఏ కుండ ఎప్పుడు దించిందో, ఏది మధ్యాహ్నానికి పుల్లబడుతుందో వాసన చూసి చెప్పేసేది. ఫుడ్ సైన్స్ చదవడానికి ఎడిన్‌బర్గ్ వచ్చి ఎంఎస్సీ పూర్తిచేసేనాటికి ఆ ముక్కుకు కాస్త ఇంగ్లిషు కూడా తోడైంది.

విజయభాస్కర్‌కి ఆ ముక్కే కావలసివచ్చింది. గుంటూరు వైపు వాడు. పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ, సరదాగా గ్యారేజీలో బిర్చ్ వైన్ మొదలుపెట్టాడు. బిర్చ్ రసం మన కల్లులా తనంతట తాను పొంగదు. చక్కెర పడాలి, ఈస్ట్ పడాలి, వెచ్చదనం కుదరాలి. అవేవీ కుదరక రెండేళ్లు వెనిగర్ తయారుచేసుకున్నాడు. నాగజ్యోతి వచ్చిన ఏడాది అది మొదటిసారి వైన్ అయింది. సీసా ఇరవై నాలుగు పౌండ్లు. సీసా మీద మోకు కట్టుకుని తాడెక్కుతున్న మనిషి బొమ్మ. కింద, "మా తాతగారి తోపు నుంచి మీ ఇంటికి" అని రాత.

తాతగారికి తాటితోపు ఉన్నమాట నిజమే. గీసుకునేవాళ్లు చెట్టుకింతని ఆయనకు కట్టేవాళ్లు, అదీ పెరటి గుమ్మం దగ్గర నిలబడి. ఆ ఇంట్లో కల్లు పేరెత్తితే నోరు కడుక్కునేవాళ్లు. మనవడు కూడా ఈనాటివరకూ తన వైన్ ఒక్క చుక్క నోట్లో వేసుకోలేదు. అలవాటు లేదంటాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, మొగిలయ్య బతుకు తీసి సీసాకు అంటించుకున్నాడు.

ఇంకొకటి కూడా అంటించుకున్నాడు. లక్ష్మీబాయి రోజూ మొదటి బేరానికి ముందు కల్లు తన దోసిట్లో పోసుకుని, కొనేవాళ్ల ముందే ఓ గుక్క తాగేది. అమ్మేదాని నోట్లోకి పోనిది కొనేటోని నోట్లోకి పోవద్దనేది. ఆ సంగతి నాగజ్యోతి ఒకసారి సీసాలు కడుగుతూ మాటవరసకు చెప్పింది. వారం తిరక్కుండా అది వెబ్‌సైట్ ఎక్కింది. "మొదటి గుక్క, మా తరతరాల సంప్రదాయం."

*

ఉగాది వెళ్లిన నాలుగు వారాలకు గానీ తెలుగువాళ్లకు కమ్యూనిటీ హాలు దొరకలేదు. ఫంక్షన్ శనివారం. గురువారం సాయంత్రం గ్యారేజీలో నాగజ్యోతి ఆ ఆఖరి రసం పులియబెట్టిన పీపా మూత తీసింది. కుళ్లిన క్యాబేజీ వాసన గుప్పుమంది.

"పారబోద్దామన్నా. మార్చిల పట్టినయి యాభై సీసాలున్నయి గదా, అవి పోద్దాం."

"అవి ఆన్‌లైన్ ఆర్డర్లకమ్మా. ఫంక్షన్‌లో ఊరికే పోసేదానికి అవెందుకు?"

విజయభాస్కర్ డబ్బా తెరిచి, వైన్ చెడకుండా కాస్తంత వేసే తెల్లటి సల్ఫైట్ పొడి చెంచాతో పీపాలో వేశాడు. నాగజ్యోతి లెక్కపెట్టింది. వేయాల్సినదానికి నాలుగింతలు. ఆ పైన పంచదార పాకం, ఆ పైన ఏదో పూల ఎసెన్సు.

"గంత పొడి వద్దన్నా. ఆస్తమా ఉన్నోళ్లకు ఊపిరాడదు."

"లేబుల్ మీద సల్ఫైట్స్ ఉన్నాయని రాశాంగా."

"ఎంత ఉందో రాసినమా?"

ఆయన చెంచా కింద పెట్టాడు. కోపం లేదు, గొంతు ఇంకా మెత్తబడింది.

"మే పదిహేనుకి నీ వీసా అయిపోతుంది. గుర్తుందా? సోమవారం సీఓఎస్ అసైన్ చేద్దామని లాయర్‌తో కూడా మాట్లాడా. ఇప్పుడు కూర్చుని ఈ గొడవలు పెట్టుకుందామా చెప్పు."

సీఓఎస్ అంటే ఓ నంబరు. యజమాని కంప్యూటర్లో నొక్కితే పుడుతుంది. అది ఉంటే ఈ దేశంలో ఉండొచ్చు, లేకపోతే పెట్టె సర్దుకోవాలి. చెట్టు మీంచి పడి నడుం విరిగిన మొగిలయ్య మందులకు డబ్బు ఈ దేశం నుంచే వెళ్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నాగజ్యోతి తెడ్డు తీసుకుని కలిపింది. అవును, తనే కలిపింది. ఆవిరి గొంతులోకి పోయి కళ్లమ్మట నీళ్లొచ్చేదాకా దగ్గింది. విజయభాస్కర్ భార్య హైమ వంటింటి తలుపు తీసి, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏం పోశారండీ దాంట్లో? ఇల్లంతా కొడుతోంది."

"శనివారానికి తగ్గిపోద్దిలే."

హైమ ఇక్కడే ఓ డాక్టరు క్లినిక్‌లో నర్సు. నేల మీదున్న పొడి డబ్బా చూసింది, దగ్గుతున్న నాగజ్యోతిని చూసింది. తలుపు మూసుకుని లోపలికి వెళ్లిపోయింది.

*

హాల్లో నూట యాభైమంది దాకా ఉన్నారు. కుర్రాళ్లు పులిహోర కోసం లైన్లో ఉన్నారు, పిల్లలు కుర్చీల మధ్య ఇంగ్లిషులో అరుచుకుంటున్నారు. నాగజ్యోతిని స్టేజి మీద నిలబెట్టారు. హైమ తెచ్చిన పోచంపల్లి చీర, చేతిలో వైన్ నింపిన మట్టికుండ. కుండను కూడా ఆన్‌లైన్‌లోనే కొన్నారు.

కాగితం కప్పులు కుర్చీల వరసల్లోకి వెళ్లిపోయాయి. "ఎవరూ అప్పుడే తాగొద్దండీ," అన్నాడు విజయభాస్కర్ మైకులో. "మా ఇంటి సంప్రదాయం ఒకటుంది. చేసినవాళ్లు మొదటి గుక్క తాగాకే అతిథులు తాగాలి. మా చెల్లెలు జ్యోతి తాగుతుంది, తర్వాత మనమంతా చీర్స్ చెబుదాం. ఆర్డర్ ఫారాలు టేబుల్ మీద ఉన్నాయి."

చప్పట్లు కొట్టారు.

మొదటి వరసలో ఆండాళమ్మ కూర్చుంది. కొడుకును చూడ్డానికి వచ్చి ఆరు నెలలుగా ఇక్కడే ఉన్న పెద్దావిడ. ఇందాక మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతూ సంచిలోంచి నీలం రంగు ఇన్‌హేలర్ తీసి రెండుసార్లు పీల్చుకున్నప్పుడు కుర్చీ చూపించింది నాగజ్యోతే. ఇప్పుడావిడ కప్పు రెండు చేతులతో ప్రసాదంలా పట్టుకుని స్టేజి వైపు చూస్తోంది.

ఆవిడ పక్క కుర్చీలో హైమ తండ్రి పార్థసారథి. ఆయనా ఒక కప్పు అందుకున్నాడు. హైమ గబగబా వచ్చి దాన్ని ఆయన చేతిలోంచి లాగేసుకుంది.

"మీరొద్దు నాన్నా."

"అదేంటే, అల్లుడుగారు చేసిందేగా. ఓ చుక్క."

"మీ ఉబ్బసానికి పడదు. చెప్తుంటే వినరేంటి? ఇదిగో, మీకు జ్యూస్ తెచ్చాను."

ఆ కప్పు పట్టుకుని హైమ వెనక్కి తిరిగింది. పక్కనే ఒళ్లో నీలం ఇన్‌హేలర్ పెట్టుకున్న ఆండాళమ్మ చేతిలో అలాంటి కప్పే ఉంది. చూసింది. చూసి దాటుకుని వెళ్లిపోయింది.

నాగజ్యోతికి ఒళ్లంతా మంటెత్తింది. వీళ్లకు తెలియక కాదు. తెలుసు. ఎవరి ఊపిరి కాపాడుకోవాలో, ఎవరిది పోయినా ఫరవాలేదో కూడా తెలుసు. వీళ్ల ఇంట్లో మనిషికి జ్యూస్, బయటి మనిషికి పీపాలో కంపు. మధ్యలో ఆ కంపుకు హామీ ఇవ్వడానికి తన తల్లి దోసిలి కావలసివచ్చింది. గురువారం ఆ తెడ్డు తిప్పిన తన చేతుల మీద కూడా ఆమెకు అసహ్యం వేసింది.

"కమాన్ జ్యోతీ," అన్నాడు విజయభాస్కర్.

"నేను తాగనన్నా."

మైకు దగ్గర్లోనే ఉంది. హాలంతా వినబడింది. ఎవరో నవ్వారు, అది కూడా కార్యక్రమంలో భాగమేననుకుని.

విజయభాస్కర్ మైకు కిందికి దించాడు. "ఏంటమ్మా ఇది, అందరి ముందూ?" పళ్లు కనిపిస్తూనే ఉన్నాయి. "సోమవారం సంగతి మర్చిపోయావా?"

"మర్చిపోలే." ఆమె వరసల వైపు తిరిగింది. "మీరు గూడ తాగకుండ్రి. రసం ఖరాబైంది. కంపు తెలవకుండ పొడి నాలుగింతలు పోసినం. కలిపింది నేనే. అవ్వా, నువ్వసలే తాగకు. నీకు ఊపిరాడదు."

ఆండాళమ్మ బిత్తరపోయి కప్పులోకి చూసింది. పులిహోర లైన్లో మాటలు ఆగిపోయాయి.

"అబ్బే, అమ్మాయికి ఒంట్లో బాగోలేదండీ," విజయభాస్కర్ మైకు మళ్లీ ఎత్తాడు. "వీసా టెన్షన్‌లో ఉంది పాపం. డ్రింక్ పర్ఫెక్ట్‌గా ఉంది. ప్లీజ్, తీసుకోండి."

నాగజ్యోతి ఎడమచేత్తో కుండ వంచి, తల్లి దోసిలిలా ముడిచిన కుడి అరచేతిలో వైన్ పోసుకుంది. ఆ చెయ్యి ఆయన మూతి దగ్గరకు చాపింది.

"అయితే నువ్వు తాగన్నా. మీ తాత తోపుల కల్లే గదా."

ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు. వెనక బ్యానరు, ఇంకా వెళ్లడానికి చోటు లేదు. హాల్లో ఒకరిద్దరు ఫోన్లు పైకెత్తారు. పార్థసారథి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. హైమ ఎటు చూడాలో తెలియక గోడ వైపు చూస్తోంది.

"తాగు."

వైన్ వేళ్ల సందుల్లోంచి కారి ఆయన బూట్ల మీద పడుతోంది. ఆయన నోరు తెరవలేదు. ఆమె చెయ్యి దించలేదు.