వెనక గదిలో చెల్లెలు

రెడీమేడ్ అనే మాట వింటేనే అక్కకి ఒళ్ళు మండుతుంది. బతుకంతా కుట్టుమిషను మీదే గడిపిన మనిషి మరి! ఎవరి కొలతలకో కుట్టిన చొక్కా పట్టుకొచ్చి "కాస్త సరిచేసి పెట్టండి" అని అడిగినవాళ్ళని గుమ్మంలోంచే తిప్పి పంపేది. అలాంటి మనిషి ఎదురుగా కూర్చుని మరిది, అదే చెల్లెలి మొగుడు, "రెడీమేడ్ కొట్టు తీసుకుందాం వదినా" అంటున్నాడు. ఎన్ని గుండెలు అతనికి!

కొట్టంటే వీధిలో కొట్టు కాదు, ఫోన్లో కొట్టు. గుడ్డముక్కలతో అక్క కుట్టే బొమ్మలు అందులో అమ్ముతారు. కంప్యూటర్ చదువు చదివిన చెల్లెలు దాన్ని మొదట్నుంచి చివరిదాకా సొంతంగా రాసింది. "పైకి కనబడేది అద్దాల బీరువా అక్కా. అసలు సంసారమంతా వెనక గదిలో. ఎవరేం కొన్నారు, డబ్బు కట్టారా, సరుకుందా, అన్నీ అక్కడే" అని చెప్పేది. దాన్నే బ్యాకెండ్ అంటారట. రాసింది, కొట్టు తెరిచింది, ఆ నెలలోనే జ్వరమని పడుకుని మళ్ళీ లేవలేదు.

"నా మాట వినండి వదినా," అన్నాడు మరిది. అతనిదీ కంప్యూటర్ పనే. "సొంత బ్యాకెండంటే సొంతిల్లు. కప్పు కారినా తాళం పట్టేసినా మనమే చూసుకోవాలి. రెడీమేడంటే అద్దె కొట్టు. గోడలు వాళ్ళవి, కాపలా వాళ్ళది, బొమ్మలు మీవి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి అదే మేలు. కట్టిన మనిషే లేనప్పుడు ఆ ఇంటికి దిక్కెవరు?"

"దిక్కు లేకపోవడమేంటి? అదుందిగా," అంది అక్క, సూదిలో దారం ఎక్కిస్తూ.

మరిది ఉలిక్కిపడ్డాడు. నోరు జారిందనుకున్నాడు కాబోలు.

బయట వీధి దీపాలు వెలిగాయి. అక్క ఫోను టింగుమంది. ఆమె తలైనా ఎత్తలేదు. "లేస్తున్నానే, అరవకు," అంది గాల్లోకి. లేచి, బుట్టలోంచి గళ్ళగుడ్డ ఏనుగునొకదాన్ని తీసి, కాగితం చుట్టి, దారం కట్టి, పై అరలో పెట్టింది. ఆ అర నిండా అలాంటి పొట్లాలే, కప్పుదాకా. అన్నిటి మీదా ఒకే పేరు, చెల్లి అని. చిరునామా మాత్రం లేదు.

మరిది ఫోను అందుకున్నాడు. "అక్కా, ఆర్డరొచ్చింది! మొద్దు మొహమా, లే!" అని ఉంది. అచ్చంగా ఆమె మాటే. పెళ్ళయిన కొత్తలో తననీ అలాగే లేపేది. 

"ఎప్పట్నుంచి వస్తోంది వదినా ఇది?"

"అది పోయిన దగ్గర్నుంచీ. మొదట్లో అప్పుడప్పుడూ వచ్చేది. ఇప్పుడు రోజూ వస్తోంది." అక్క మొహం వెలిగిపోతోంది. "మనం అద్దె కొట్టుకి మారితే దానికి దారి తెలుస్తుందా? నువ్వే చెప్పు."

మరిది సంచీలోంచి కంప్యూటరు తీసి, భార్య రాసిన కోడు వరసలన్నీ చదువుతూ కూర్చున్నాడు. ఒకచోట ఆగి పెదవి కొరుక్కున్నాడు.

"సాయంత్రానికి ఒక్క ఆర్డరూ రాకపోతే తన పేరు మీద ఒక ఏనుగు దానంతటదే కొనేలా రాసిపెట్టింది వదినా. పక్కనే, ఇదిగో, 'కొట్టు ఖాళీగా ఉంటే మా అక్క అన్నం తినదు' అని రాసుకుంది."

అక్క చేతిలో కత్తెర ఆగిపోయింది.

"ఎవరైనా కొన్న రోజున?"

"రాదు."

"మరి రోజూ వస్తోందంటే..."

"రోజూ ఎవరూ కొనట్లేదనే. కొనలేకపోతున్నారు. డబ్బు కట్టే చోట బ్యాంకువాళ్ళు తాళం మార్చారు, మన దగ్గర పాత తాళంచెవే ఉంది. జనం వచ్చి తలుపు కొట్టి పోతున్నారు."

అక్కకి తెలియదా ఏంటి! మొన్న ఎవరో ఆవిడ ఫోను చేసి, పాపకి ఏనుగు కావాలి, డబ్బు కట్టనివ్వడం లేదు అని మొత్తుకుంటే, "అయితే మానెయ్యండి" అని ఠక్కున పెట్టేసింది. ఆ సాయంత్రం టింగుమనగానే ఎంత సంబరపడిందో ఇప్పుడు గుర్తొచ్చి తన మీద తనకే వెగటు పుట్టింది. చెల్లెలు రావాలంటే కొట్టు మూతపడాలి. చెల్లెలు ప్రాణం పెట్టి కట్టిన కొట్టు!

"నువ్వు బాగుచెయ్యలేవా?" అంది చివరికి. ఆ గొంతు బతిమాలుతోంది.

"చేస్తాను. మళ్ళీ పాడవుతుంది, మళ్ళీ చేస్తాను. కానీ తెరిచినప్పుడల్లా ప్రతి వరసలోనూ తన గొంతు వినాలి. నావల్ల కాదు వదినా. నేనూ మనిషినే కదా."

అప్పుడు చూసింది అక్క అతన్ని. చొక్కా బొత్తాం ఊడిపోయి ఉంది, కాలరు మాసిపోయింది. ఇన్నాళ్ళూ దుఃఖమంతా తన ఒక్కదాని సొత్తే అనుకుంది పిచ్చిది.

"ఆ చొక్కా ఇలా ఇవ్వు," అంది. బొత్తాం కుట్టి, దారం కొరికి, చొక్కా అతని ఒళ్ళో పడేసింది. "అద్దె కొట్టే తీసుకో."

కొత్త కొట్టు తెరిచిన రోజు ఎవరూ కొనలేదు. వీధి దీపాలు వెలిగాయి. అక్క ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎదురింట్లో దీపాలు ఆర్పేసినా అలాగే కూర్చుంది. ఫోను ఉలకలేదు, పలకలేదు. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగింది. "మీకు కొత్త ఆర్డరు వచ్చింది" అని ఉంది. ముక్తసరి మాట, ఎవరికైనా అదే మాట. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి గళ్ళ ఏనుగు కావాలట.

బుట్టలో గళ్ళ ఏనుగులు లేవు, ఆ గుడ్డ ఎప్పుడో అయిపోయింది. ఉన్నవన్నీ పై అరలోనివే. అక్క స్టూలెక్కి ఒక పొట్లం దించి, చెల్లి అన్న పేరు మీద బొటనవేలు పెట్టి చాలాసేపు నిమిరింది. ఆ పేరు మీదే కొత్త చిరునామా కాగితం అంటించి గట్టిగా నొక్కింది.

"లేస్తున్నానే, అరవకు," అంది. చెప్పులు వేసుకుని కొరియరు ఆఫీసుకి బయల్దేరింది.